పొద్దున్న ఆరింటి ఊపిరి

"ముందా మిషన్ని తీసికెల్లి నూతిలో పారీండి!"

అంటున్న అన్నయ్య గోపి కేక వీధి మొదట్లోనే తులసి చెవిన పడింది. రాజాం బస్సు దిగి, భుజాన సంచీతో గబగబా నడిచి వస్తున్న పిల్ల ఆ కేకకి ఒక్కసారి ఆగిపోయి, ఆ వెంటనే పరుగందుకుంది.

గుమ్మం ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. చెరకు నరికే రోజుల్లో పన్లు మానుకుని ఇంతమంది పగటిపూట ఒక ఇంటికి వచ్చారంటే, ఎందుకొచ్చారో చెప్పక్కర్లేదు. ఆ చెప్పుల్ని తొక్కుకుంటూనే లోపలికి వెళ్ళింది తులసి.

తండ్రి సోములు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నాడు, అంతవరకు నయం. రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, ముందుకు వంగి, భుజాలెత్తి ఒక్కో ఊపిరినీ నూతిలోంచి నీళ్ళు చేదినట్టు లాగుతున్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మంచం పక్కన పొద్దున్నే రాజాం నుంచి తెచ్చిన సిలిండరు. వేలికి తొడిగిన చిన్న మిషన్ మీద ఎర్రగా డెబ్బై తొమ్మిది. తొంభై దాటి ఉండాల్సిన ఆక్సిజన్ అంకె అది.

"వొచ్చీసినావా ఎలకల డాక్టరమ్మా?" గోపి ఎదురొచ్చాడు. లుంగీ పైకి కట్టి, కళ్ళు ఎర్రబడి, మనిషి మనిషిలా లేడు. "సూడు. కళ్ళారా సూడు. నిన్న సాయంత్రం ఫోన్లో ఏటన్నావు? 'అంకె బాగున్నాది, మందు పంజేస్తన్నాది, కంగారు పడకండి' అన్నావా నేదా?"

"అన్నాను."

"మరిదేటి?"

"ఇప్పుడే కదా వొచ్చింది, కాస్త నీళ్ళు తాగనీ" అని గోపి భార్య ఈశ్వరి అడ్డం వచ్చింది.

"తాగమను. నీళ్ళు తాగి సెప్పమను. ఊరంతటికీ సెప్పమను."

చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పిల్లలకి అన్నం పెట్టాలనో, పాలవాడు వస్తాడనో ఏదో వంక చెప్పుకుని లేచారు. కొట్లాట ముదిరే ఇంట్లో కూర్చోవడం మర్యాద కాదని వాళ్ళకి తెలుసు. గుమ్మం ముందు చెప్పులు పల్చబడ్డాయి.

తులసి తండ్రి ఎదురుగా నేల మీద కూలబడింది. "నానా" అంది. సోములు కళ్ళు తిప్పి చూశాడు. మాట కోసం ఊపిరి ఖర్చు పెట్టే స్థితిలో లేడు.

విశాఖలో ఆమె పని చేసే చోట ఎలుకలుంటాయి. వాటి ముక్కులో ఒక మందు చుక్కలుగా వేస్తారు. మూడు వారాల్లో వాటి ఊపిరితిత్తులు ఎండు తోలులా గట్టిపడతాయి. అచ్చం సోములికి వచ్చిన జబ్బే. కొన్నిటికి మాత్రలిస్తారు, కొన్నిటికి ఇవ్వరు. తులసి రోజూ వాటికి మార్కులు వేస్తుంది. వీపు వంచుకుని మూల కూర్చుంటే ఒకటి, బొచ్చు రేగి ఉంటే ఒకటి, తిండి ముట్టకపోతే ఒకటి, ఊపిరికి డొక్కలు ఎగిరిపడుతుంటే రెండు. ఐదొచ్చిన ఎలుకని ఇక బాధ పెట్టకుండా ప్రాణం తియ్యాలని రూలు.

ఆమె అడక్కుండానే ఆమె బుర్ర తండ్రికి మార్కులు వేసేసింది. ఐదు. తన మీద తనకే అసహ్యం పుట్టింది తులసికి.

"ఎలకలు బతికేయన్నావు గదే!" గోపి వదల్లేదు. "దసరాకి వొచ్చినప్పుడు ఇక్కడే కూకుని సెప్పినావు. మాత్రలేసిన ఎలకలు బతికేయి, నానకీ అదే మాత్రన్నావు. మన నాన ఎలక పాటి సెయ్యనేదేటి?"

"అన్నయ్యా, ఎలకలు మాత్ర ఎయ్యకపోయినా బతుకుతాయి."

"ఏటీ?"

"రెండు నెల్లు ఒగ్గేస్తే ఎలక ఊపిరితిత్తులు దానంతటవే మెత్తబడిపోతాయి. మనిషికి అలగ మెత్తబడవు. అందుకే ఎలకని నమ్మకూడదు. అందుకే నాను కంప్యూటర్లో..." తులసి ఆగిపోయింది. ఎవరికి చెబుతోంది? ఎందుకు చెబుతోంది?

కానీ ఆ కంప్యూటరు సంగతి చెప్పకపోతే ఇవాళ్టి గొడవ అర్థం కాదు. ఎలుకల దగ్గర దొరికిన లెక్కల్ని మనిషి ఊపిరితిత్తులకి సరిపోయేలా సాగదీసి, తులసి కంప్యూటర్లో ఒక బొమ్మ ఊపిరితిత్తిని కట్టింది. నాలుగేళ్ళ చాకిరీ. మందు లేని రోగి ఊపిరి ఎంత తొందరగా పడిపోతుందో ఒక గీత, మందున్న రోగిది ఎంత నిదానంగా పడుతుందో ఇంకో గీత, రెండూ అది ముందుగానే గీసి చూపిస్తుంది. నిజమో కాదో తేలాలంటే నిజం మనిషి అంకెలు కావాలి. ఆ మనిషి ఇంట్లోనే దొరికాడు.

ఏప్రిల్‌లో గుప్పెడంత మిషన్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. రోజూ పొద్దున్న ఆరింటికి, ఉన్న ఊపిరంతా మూడుసార్లు దాంట్లోకి ఊదాలి. ఊదగానే ఊపిరి ఎన్ని మిల్లీలీటర్లో ఆ అంకె విశాఖలో ఆమె ఫోన్లో పడుతుంది. అది చూసుకున్నాకే ఆమె పళ్ళు తోముకునేది. మొదట్లో అంకె రోజురోజుకీ జారింది. పదిహేను వందల అరవై, ముప్పై, పదిహేను వందలు. మే నెల మధ్యలో పద్నాలుగు వందల ఎనభై దగ్గర జారడం ఆగి, అక్కణ్ణించి చాలా నిదానంగా దిగింది. మందున్న రోగి గీత మీద పూసలు గుచ్చినట్టు ఒక్కో అంకె కూర్చుంది. నెల తిరిగేసరికి తులసి ల్యాబులో అందరికీ స్వీట్లు పంచింది. ఆమె గైడు జగన్నాధం గారు కంప్యూటరు తెర ముందు చాలాసేపు నిలబడి, "ఇన్నేళ్ళలో ఎలకా మనిషీ ఇలా ఒక్క గీత మీద నడవడం నేను చూళ్ళేదమ్మా" అన్నారు.

సరిగ్గా ఆ గీతనే ఆషాఢంలో డాక్టరు ఉష గారికి చూపించింది. ఆ రోజు సోములు దగ్గు ఆగక ఆసుపత్రి మిషన్‌లో ఊదలేకపోయాడు. "ఊపిరితిత్తుల మార్పిడికి పేరు ఇప్పుడే రాయిద్దాం, మనిషి నడుస్తుండగానే రాయించాలి" అని ఆవిడ అంటే, "ఇంటి అంకెలు నా దగ్గరున్నాయి మేడమ్, చాలా నిదానంగా ఉంది, కొన్నాళ్ళు ఆగుదాం" అన్నది తులసే. అంత పెద్ద కోతకి తండ్రి తట్టుకోడని భయం కూడా ఉంది. ఆ భయానికి గీత అండ దొరికింది.

దసరాకి ఒక్క రోజు వచ్చింది. తండ్రి ఇదిగో ఇలాగే, ఇంతకంటే కాస్త తక్కువగా, వంగి కూర్చుని ఉన్నాడు. ఎలుకైతే ఆ రోజే మూడు మార్కులు వేసేది. "అలిసిపోనాను తల్లీ" అన్నాడు. ఊదడం చూద్దామని లేచేసరికి "నువ్వు లేవకముందే అయిపోనాది" అంది తల్లి. తులసి ఫోన్ తీసి అంకె చూసుకుని తృప్తి పడింది. కళ్ళు చెప్పినదాన్ని కాదని అంకెని నమ్మింది, చదువుకున్న పిల్ల కదా.

"ఇయాల కూడా బాగుందనే సెప్తాదేటి నీ మిషను?" గోపి ఎగతాళిగా అన్నాడు.

తులసి ఫోన్ తీసింది. "ఆరుంపావుకి వొచ్చింది. పదమూడు వందల నలభై."

"ఎన్నింటికి?"

"ఆరుంపావుకి."

గోపి మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "ఒసే, ఐదింటికే నానకి మాట పడిపోనాది. ఆరుంపావుకి నానూ ఈశ్వరీ వీధిలో ఆటోలోంచి సిలిండరు దింపుతన్నాం. ఆయన కన్నే తెరవనేదు. ఊదడమేటి?"

తులసి ఫోన్ వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. మళ్ళీ ఫోన్ వైపు చూసింది. పదమూడు వందల నలభై. అది దెయ్యం ఊదిన ఊపిరి కాదు కదా. ఏదో ఒక ఛాతీలోంచి వచ్చింది.

"నువ్వు ఊదినావా అన్నయ్యా?"

"నానేటి, ఊదడమేటి!" గోపి ఒక్క గెంతు గెంతాడు. "నాకేటి పని? పొద్దున్నే సెరుకు తోటకెల్లీవోడ్ని. ఈ మిషన్ని సేత్తో ముట్టుకుంటే ఒట్టు."

నిజమే. గోపి ఊదితే నాలుగు వేలు దాటాలి. తగ్గించి ఊదాడందామా అంటే, సగం ఊపిరి ఊదితే ఆ మిషన్ ఒప్పుకోదు. మూడుసార్లూ ఉన్నదంతా ఊది తీరాలి. తులసి ఈశ్వరి వైపు తిరిగింది.

"నా వైపు సూడకు తులసీ. పిల్లల మీద ఒట్టు, నాకు దాన్ని సూస్తేనే బయ్యం" అంది ఈశ్వరి.

"ఆల మీద అరవకే."

వంటింటి గడప మీద తల్లి జగ్గమ్మ నిలబడి ఉంది. చేతిలో గంజి గ్లాసు. పొట్టి మనిషి, ఈ ఏడు నెలల్లో ఇంకా పొట్టిదైపోయినట్టుంది.

"నానే ఊదినాను" అంది.

జగ్గమ్మ వచ్చి మొగుడి పక్కన కూర్చుని, గ్లాసు ఆయన పెదాల దగ్గర పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. గ్లాసు కింద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది తులసి.

"ఎండలప్పటి నుంచి. మే నెల్లో ఓ పొద్దున్న మీ నాన మూడోసారి ఊదీసరికి నోటంట రత్తం పడ్డాది. తుడుస్తన్నాను. అంతలోకే నువ్వు ఫోన్ సేసినావు. 'నానా, మూడోది సరిగ్గా రానేదు, ఇంకోపాలి గట్టిగా ఊదు' అన్నావు. ఆయన 'సరే తల్లీ' అని మళ్ళీ నోట్లో ఎట్టుకున్నాడు. నాను లాక్కుని ఊదీసాను. నువ్వు 'ఆఁ, ఇప్పుడు బాగొచ్చింది' అన్నావు."

తులసికి గుర్తుంది. బాగొచ్చింది అన్నది గుర్తుంది. ఆ అంకెలకే స్వీట్లు పంచింది.

"నాకు సెప్పాలి కదమ్మా!"

"ఏటని సెప్పీది? అంకె తగ్గిన్నాడు నువ్వు కూడు తినవని ఆస్టల్లో నీ పక్క మంచం పిల్ల సెప్పింది. అంకె బాగున్నాదని నువ్వు ఫోన్లో నవ్విన్నాడు మీ నాన రెండు ముద్దలు ఎక్కువ తినీవోడు. మీ ఇద్దరికీ కూడు ఎట్టినట్టు ఉండీది నాకు ఆ ఊదడం."

"అమ్మా, అది కూడు కాదే! నాను ఆ అంకె సూసే..." తులసి ఫోన్ తల్లి ముందుకి చాపింది. "ఆ అంకె సూసే ఆషాఢంలో పేరు రాయించొద్దన్నాను. నానకి కొత్త ఊపిరితిత్తులు ఒద్దన్నాను. నీ అంకె సూసి!"

జగ్గమ్మ కింద పెట్టిన గ్లాసుని గోడ వారకి జరిపింది. "ఒక ఇంట్లో మనుషులం" అంది. "ఒకే కూడు తింటన్నాం, ఒకే గాలి పీలుస్తన్నాం. మొగుడి బదులు పెళ్ళాం ఊదితే ఏటైపోతాదనుకున్నాను. నీ కంప్యూటరుకి కావాల్సింది ఒక అంకే కదా అనుకున్నాను. నాకేటి తెల్సు తల్లీ?"

గోపి గోడకి తల కొట్టుకున్నాడు. పెద్దగా కాదు, నెమ్మదిగా, మూడుసార్లు. ఈశ్వరి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మకి ఫోన్ సెయ్యి" అన్నాడు గోడ వైపే చూస్తూ. "బేగి సెయ్యి. ఇప్పుడు రాస్తాదేమో పేరు. అందరికీ ఇనబడీలాగ ఎట్టు."

తులసి చేసింది. ఉష గారు అంతా విన్నారు. మధ్యలో ఒకసారి "అంటే ఆ అంకెలు ఆయనవి కావా?" అని మాత్రం అడిగారు.

"తులసీ, ఆషాఢంలో మీ నాన్నగారు మెట్లెక్కి నా గదికొచ్చారు. అప్పుడు వీలుండేది. ఇప్పుడు ఏ బృందమూ ఒప్పుకోదు, ఆపరేషన్ టేబుల్ మీదే పోతారు. తీసుకొస్తే ఐసీయూలో చేర్చుకుంటాను. వెంటిలేటర్ పెట్టానంటే మళ్ళీ తియ్యగలనని మాత్రం చెప్పలేను. తీసుకొస్తారో, ఇంట్లోనే పక్కన కూర్చుంటారో మీరు మాట్లాడుకోండి."

"ఎన్నాళ్ళు మేడమ్?"

"నీ మోడల్‌ని అడక్కు. వారం. మహా అయితే రెండు."

సోములు విన్నాడు. అందరూ ఆయన వైపు చూస్తే, గొట్టం ఉన్న తలని అటూ ఇటూ ఊపి, అరచేత్తో మంచం పట్టెని రెండుసార్లు తట్టాడు. ఇక్కడే అని. గోపి లుంగీ చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అంతసేపూ కేకలేసినవాడు ఏడవడానికి మాత్రం గొంతు దాచుకున్నాడు.

ఆ సమయానికి రాకూడని మనిషి ఒకడు వచ్చాడు. పక్క పొలం రైతు జోగయ్య. చేతిలో నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

సోములు బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు. ఏటా ఈ రోజుల్లో చుట్టుపక్కల ఎవరు మొదటి పెనం ఎక్కించినా, ఉడుకుతున్న పాకం కాస్త చన్నీళ్ళలో పోసి ఆయన దగ్గరికి తెస్తారు. ఆయన వేళ్ళతో ఉండ చేసి చూసి 'దింపు' అంటేనే పెనం దింపుతారు. మంచం పట్టిన ఏడాది కూడా ఆ వాడుక మానలేదు.

"తప్పైపోనాది అన్నా. ఇంత బాగునేదని తెల్దు. ఎల్తాను" అన్నాడు జోగయ్య.

సోములు చెయ్యి చాచాడు. వేళ్ళు ఆడించాడు, తే అని.

జోగయ్య చెంబు దగ్గరగా పట్టాడు. సోములు రెండు వేళ్ళు నీళ్ళలో ముంచి పాకాన్ని నలిపాడు. ఆ కాసేపూ ఆయన మొహం జబ్బు మనిషి మొహంలా లేదు. ఉండ కట్టలేదు, వేళ్ళకి సాగింది. తల అడ్డంగా ఊపాడు. ఇంకా రాలేదు.

"అదే అనుకున్నానన్నా. మంట ఒక తీరున ఉండనేదు. మా కోడలు పొయ్యిలోకి సెరుకు పిప్పి ఓపాలి ఎక్కువేస్తాది, ఓపాలి మర్సిపోతాది." వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, జోగయ్య జగ్గమ్మ వైపు తిరిగాడు. "మా వొదిన్లాగ ముప్పై ఏళ్ళు పొయ్యి నోటికాడ కూకుని పిప్పి ఏసీవోళ్ళు ఎవులున్నార్లే. పొగంతా ఈవిడ తాగీసీది, పాకం పేరంతా నీకొచ్చీది."

జగ్గమ్మ ఆ ఇంట్లో ఆ రోజు మొదటిసారి నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. చెంగు నోటికడ్డం పెట్టుకుని, జోగయ్యని సాగనంపడానికి లేచి, గుమ్మం దాకా నడిచి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పది అడుగులు. పొడి దగ్గు, చివర్లో చిన్న ఈల లాంటి పీల్పు.

ఆ దగ్గు తులసికి తెలుసు. రెండేళ్ళ కిందట తండ్రి అలాగే మొదలుపెట్టాడు. అప్పుడు కూడా అందరూ పొగ పడలేదనుకున్నారు.

ఆమె ఫోన్ తీసింది. గీత తెర మీదే ఉంది. మే నెల నుంచి ఇవాళ్టి దాకా, పద్నాలుగు వందల ఎనభై నుంచి పదమూడు వందల నలభై దాకా. ఏడు నెలలు ఆ గీతని చూసి మురిసిపోయింది. మందున్న రోగి గీత అనుకుంది. అమ్మకి మందెక్కడిది? ఆరోగ్యంగా ఉన్న మనిషికి అంత ఊపిరి తగ్గాలంటే నాలుగైదేళ్ళు పట్టాలి. అసలు అమ్మ ఎత్తుకి, అమ్మ వయసుకి రెండు వేల దాకా ఉండాలి. ఎలుకల నుంచి మనిషి దాకా తప్పు పోకుండా నడిచిందని జగన్నాధం గారు మెచ్చుకున్న ఆ గీత నిజంగానే తప్పు పోలేదు. రోగి గీతే అది.

ఏడు నెలలు రోజూ పొద్దున్న ఆరింటికి అమ్మ తన ఫోన్‌కి సరిగ్గా అదే చెబుతూ వచ్చింది. సోములు పేరు కింద.

"అమ్మా, ఇలగ రా. కూకో. ఒకపాలి ఊదు."

"ఇప్పుడేటే? ఇంక నానూది ఏటి లాబం?" అంటూనే జగ్గమ్మ గూట్లోంచి మిషన్ తీసుకొచ్చింది. అలవాటైన పని కదా, మోకాళ్ళ మీద మోచేతులు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. ఒకటి. రెండు. మూడోసారికి మెడ నరాలు పైకి తేలాయి. తులసి ఇన్నాళ్ళూ చూడని పని అది. ఎవరూ చూడని పని.

పదమూడు వందల ముప్పై.

సోములు కళ్ళెత్తి పెళ్ళాన్ని చూశాడు. తరవాత కూతురి మొహం చూశాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, ఊపిరి చాలక, వణికే వేలితో జగ్గమ్మ గుండెల వైపు చూపించాడు. తులసి తలూపింది, తెలిసింది నానా అని. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీదకి నీళ్ళు జారాయి. ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఆయనకి, పక్క మంచం మీద ఆ దగ్గు వింటూ.

"ఏటే, మాటాడవు? నాను అబద్దం ఊదనేదే. ఉన్నదంతా ఊదినాను రోజూ" అంది జగ్గమ్మ, అక్కడికేదో తప్పు చేసిన పిల్లలా. "నానకీ నాకూ ఏటైనా తేడా వొచ్చిందేటి?"

ఇందాక 'నీ అంకె సూసి' అని అరిచిన పిల్ల, ఇప్పుడు ఆ అంకెలో అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు. దొరికింది నిజమే.

"తేడా ఏటీ రానేదమ్మా" అంది తులసి.

జగ్గమ్మ మనసు కుదుటపడింది. మిషన్ మూతిని చీరచెంగుతో శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, గూట్లో ఎప్పటి చోటే దాచింది. జాగ్రత్త గల మనిషి.

"రేపు కూడా ఊదాలమ్మా" అంది తులసి. "రోజూ ఊదాలి. ఆరింటికి."

జగ్గమ్మ మంచం వైపు తిరిగి చూసింది. మొగుడి ఛాతీ ఎగసిపడుతోంది. ఆయన వేలికున్న మిషన్ డెబ్బై ఆరు చూపిస్తోంది. మళ్ళీ కూతురి వైపు తిరిగింది.

"డాక్టరమ్మ ఇంక ఏటీ నేదన్నాది గదే" అంది. "మరి ఎవులి కోసం ఊదమంటన్నావు?"